పాత ఆఫీసు భవనాన్ని హరిత భవన ధ్రువీకరణకు అర్హం చేయడం ఎలా: విజయనగరం, శ్రీకాకుళం యజమానులకు సమగ్ర మార్గదర్శి

విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి కంటోన్మెంట్ వరకు, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల, ఇరవై ముప్పై ఏళ్ల కిందట కట్టిన రెండు మూడు అంతస్తుల ఆఫీసు భవనాలు చాలా ఉన్నాయి. వాటిని పడగొట్టి కొత్తవి కట్టడం కంటే మరమ్మతు చేసి వాడుకోవడమే పర్యావరణానికి మేలు. అప్పటి ఇటుక, సిమెంటు, ఇనుము తయారీకి ఖర్చయిన ఇంధనం ఆ గోడల్లోనే ఉంది కాబట్టి, దాన్ని మళ్లీ ఖర్చు చేయవలసిన పని ఉండదు. అయితే మరమ్మతు చేసిన ప్రతి భవనానికీ హరిత ధ్రువీకరణ రాదు. సోలార్ ఫలకాలు, ఎల్ఈడీ దీపాలు, ఖరీదైన ఏసీలు పెట్టించాక దరఖాస్తు చేసి తిరస్కరణకు గురయ్యే వారికి సాధారణంగా లోపించేది పరికరాలు కావు, రుజువులు. పనికి ముందు భవనం ఎంత విద్యుత్తు, ఎంత నీరు వాడిందో, కూల్చిన సామాను ఎక్కడికి పోయిందో, కొన్న రంగులో ఏముందో చూపే కాగితం లేకపోతే ఆ అంశానికి మార్కులు పడవు. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి అడుగులోనూ పనితో పాటు ఆ పనికి రుజువు ఎలా దాచుకోవాలో కూడా చెబుతున్నాను.

మొదటి అడుగు: మీకు తగిన ధ్రువీకరణ ఏది?

మన దేశంలో ప్రధానంగా నాలుగు దారులున్నాయి. భారత పరిశ్రమల సమాఖ్య 2001లో ఏర్పాటు చేసిన ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్, అంటే ఐజీబీసీ, హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తుంది. వాడుకలో ఉన్న భవనాలకు ఒక రేటింగు, ఆఫీసు లోపలి భాగాలకు మాత్రమే వర్తించే గ్రీన్ ఇంటీరియర్స్ రేటింగు దీనికి విడివిడిగా ఉన్నాయి. అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ రూపొందించిన లీడ్‌లో 110 పాయింట్లకు కనీసం 40 వస్తే ధ్రువీకరణ, 50కి సిల్వర్, 60కి గోల్డ్, 80కి ప్లాటినం లభిస్తాయి. ఇంధన, పర్యావరణ పరిశోధన సంస్థ టెరీ, కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి తెచ్చిన 'గృహ' (GRIHA) రేటింగు నక్షత్రాల రూపంలో ఉంటుంది. పేరు గృహ అయినా ఇది ఇళ్లకే పరిమితం కాదు. ప్రపంచ బ్యాంకు బృందంలోని ఐఎఫ్‌సీ నడిపే ఎడ్జ్ మాత్రం సూటిగా మూడు విషయాలే అడుగుతుంది: విద్యుత్తు, నీరు, నిర్మాణ సామగ్రిలో ఇమిడి ఉన్న కర్బనం, అంటే ఆ సామగ్రి తయారీలో వెలువడిన కర్బన ఉద్గారాలు. ఈ మూడింటిలోనూ ప్రమాణ భవనంతో, అంటే అదే ప్రాంతంలో మామూలుగా కట్టే భవనంతో పోలిస్తే కనీసం 20 శాతం ఆదా కనబరచాలి.

భవనం మొత్తం మీదే అయి, అందులో మీరే ఉంటున్నట్లయితే వాడుకలో ఉన్న భవనాల రేటింగు సరిపోతుంది. ఒక్క అంతస్తు మాత్రమే అద్దెకు తీసుకున్న సంస్థకు పైకప్పు మీద, బయటి గోడల మీద అధికారం ఉండదు కాబట్టి ఇంటీరియర్స్ రేటింగు తీసుకోవడమే తెలివైన పని. ఏసీ వ్యవస్థ, బయటి గోడలు, లోపలి అమరిక అన్నీ ఒకేసారి మారుస్తుంటే అది లీడ్ లెక్కలో భారీ పునరుద్ధరణ అవుతుంది, అప్పుడు కొత్త నిర్మాణాల విభాగంలోనే దరఖాస్తు చేయాలి. చిన్న ఆఫీసులకు ఇవన్నీ వర్తించవని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. లీడ్‌లో వాడుకలో ఉన్న భవనానికి కనీస వైశాల్యం 1,000 చదరపు అడుగులు, లోపలి అలంకరణ విభాగానికి 250 చదరపు అడుగులు మాత్రమే. పెద్దగా కూల్చకుండా, ఉన్న గోడలు, గచ్చు నిలుపుకుని బాగుచేసే చిన్న భవనానికి ఎడ్జ్ అనువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే నిలుపుకున్న పాత సామగ్రి అక్కడ నేరుగా మీ పక్షాన లెక్కకు వస్తుంది.

ఏ దారిలో వెళ్లినా పాయింట్లు వేరు, తప్పనిసరి నిబంధనలు వేరు. పాయింట్లు ఎన్ని వచ్చినా తప్పనిసరి నిబంధన ఒక్కటి తప్పితే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. భవనంలో పొగతాగడంపై నిషేధం, కనీస విద్యుత్ పొదుపు, తగినంత తాజా గాలి, ఓజోన్ పొరకు హాని చేసే శీతలీకరణ వాయువుల నివారణ ఇలాంటివే. వీటిని ముందుగా ఒక కాగితం మీద రాసుకుని, మీ భవనంలో ఏది ఇప్పటికే ఉందో, ఏది లేదో గుర్తు పెట్టుకున్నాకే డిజైన్ మొదలుపెట్టాలి.

రెండో అడుగు: సుత్తి పడకముందే కొలతలు

కనీసం గత పన్నెండు నెలల విద్యుత్ బిల్లులు సేకరించాలి. పాతవి పోయి ఉంటే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి మీ సర్వీసు నంబరు మీద వాడకం వివరాలు తీసుకోవచ్చు. దీనికి జనరేటర్ ఉత్పత్తి చేసిన యూనిట్లు కూడా కలపాలి. లాగ్ పుస్తకం లేకపోతే డీజిల్ కొనుగోలు రసీదులను బట్టి, చిన్న జనరేటర్లకు లీటరుకు సుమారు మూడు యూనిట్ల చొప్పున అంచనా వేయవచ్చు. ఉదాహరణకు 800 చదరపు మీటర్ల ఆఫీసు ఏడాదికి లైను నుంచి 84,000 యూనిట్లు, జనరేటర్ నుంచి 4,000 యూనిట్లు వాడితే మొత్తం 88,000. దాన్ని వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు 110 యూనిట్లు. ఇంధన సామర్థ్య బ్యూరో ఆఫీసు భవనాలకు నక్షత్రాలు ఇచ్చేటప్పుడు చూసేది ఈ సంఖ్యనే. దేశాన్ని వాతావరణ మండలాలుగా విభజించి చూస్తారు కాబట్టి, మన తీరప్రాంతం వేడి, తేమ కలిసిన మండలంలోకి వస్తుందని గుర్తుంచుకోవాలి.

ఒక్క మీటరుతో ఏ పరికరం ఎంత తింటోందో తెలియదు. పని మొదలుపెట్టే ముందే ఏసీలకు ఒకటి, దీపాలు, ఫ్యాన్లకు ఒకటి, కంప్యూటర్లు, యూపీఎస్‌కు ఒకటి చొప్పున సబ్ మీటర్లు పెట్టించి, ఒక్క వేసవి నెల అయినా రాయించండి. బోరు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కే గొట్టానికి నీటి మీటరు కూడా అప్పుడే బిగించాలి. మన ఊళ్లలో బోరు నీటికి బిల్లు రాదు కాబట్టి ఎంత వాడుతున్నామో ఎవరికీ తెలియదు. తరవాత ఎంత ఆదా చేసినా చూపించడానికి ఏమీ ఉండదు.

ఇదే సమయంలో మున్సిపల్ ప్లాను, అగ్నిమాపక అనుమతి, నిర్మాణ పటిష్ఠతపై ఇంజినీరు నివేదిక చేతిలో ఉండాలి. తీరానికి దగ్గర ఉన్న భవనాల్లో ఉప్పు గాలికి లోపలి కమ్మీలు తుప్పు పట్టి, సన్‌షేడ్ల అడుగున కాంక్రీటు పెచ్చులూడి ఉంటుంది. దానికి మరమ్మతు చేయకుండా పైన సోలార్ బరువు మోపకూడదు. ఆ తరవాత ధ్రువీకరణ సంస్థ దగ్గర ప్రాజెక్టు నమోదు చేయించి, కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకునేటప్పుడే రసీదులు, ఫొటోలు, పరీక్షా పత్రాలు అందించే బాధ్యత అతనిదేనని, వాటిని బట్టే చివరి చెల్లింపు ఉంటుందని రాయించుకోవాలి. ఈ ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే తరవాత సగం శ్రమ తగ్గుతుంది.

మూడో అడుగు: వేడిని బయటే ఆపడం

రెండు మూడు అంతస్తుల భవనంలో ఎక్కువ వేడి దిగేది డాబా నుంచే. పాత సున్నపు కాంక్రీటు పొర గట్టిగా ఉంటే దాన్ని తవ్వి పారేయవద్దు. పగుళ్లు పూడ్చి, నీరు దిగకుండా పూత వేసి, పైన తెల్లటి పరావర్తక పలకలు గానీ కూల్ రూఫ్ రంగు గానీ వేయించాలి. రంగు కొనేటప్పుడు దాని సౌర పరావర్తన సూచిక, అంటే ఎండను తిప్పికొట్టి చల్లగా ఉండే గుణం, ఎంతో తెలిపే ప్రయోగశాల పత్రం అడిగి తీసుకోండి. తెల్లగా కనిపించే ప్రతి రంగూ ఈ పరీక్షలో నెగ్గదు. ఈ పని సంక్రాంతి తరవాత మొదలుపెట్టి మే లోపు ముగించడం మంచిది. జూన్‌లో నైరుతి వానలు వస్తాయి. అక్టోబరులో ఒకవైపు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి పనివాళ్లు దొరకరు, మరోవైపు తుపాన్ల కాలం.

కిటికీల విషయంలో మన అక్షాంశం ఒక ప్రత్యేకతను తెస్తుంది. విజయనగరం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే మధ్య నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. దక్షిణం వైపు పెద్ద సన్‌షేడ్ కట్టి ఉత్తరం వైపు ఏమీ పెట్టని భవనాల్లోకి ఆ నెలల్లో ఉత్తరపు కిటికీల గుండా ఎండ వస్తుంది, కాబట్టి అక్కడ కూడా చిన్న చూరు అవసరం. తూర్పు, పడమర కిటికీలకు అడ్డ సన్‌షేడ్ ఉపయోగపడదు. సూర్యుడు దిగువన ఉన్నప్పుడు కిరణాలు దాని కిందుగా నేరుగా లోపలికి వస్తాయి. అక్కడ నిలువు రెక్కలు గానీ, కిటికీకి బయట వేలాడే వెదురు తెరలు గానీ పెట్టాలి. లోపల కట్టిన కర్టెన్ వెలుతురును ఆపుతుంది తప్ప అప్పటికే అద్దం దాటి వచ్చిన వేడిని బయటకు పంపలేదు. పాత భవనాల్లో కిటికీల పైన ఉండే వెంటిలేటర్లను ఏసీలు పెట్టినప్పుడు ప్లైవుడ్‌తో మూసేసి ఉంటారు. వాటిని అద్దంతో తెరిపిస్తే గది లోపలి వరకు వెలుతురు చేరుతుంది, పగటి వెలుతురు అంశంలో అది నేరుగా లెక్కకు వస్తుంది. వట్టివేళ్ల తడికెలు, నీటి కూలర్లు పెడదామని కొందరు సూచిస్తారు. పొడి గాలి ఉన్న రాయలసీమలో అవి బాగా పనిచేస్తాయి గానీ, మన తేమ గాలిలో ఇంకా తేమను కలపడమే అవుతుంది.

నాలుగో అడుగు: చల్లదనం, తాజా గాలి

ఉత్తరాంధ్ర ఆఫీసుల దరఖాస్తులకు ఎక్కువగా గండి పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. మన ఆఫీసుల్లో దాదాపుగా అన్నీ స్ప్లిట్ ఏసీలే. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని లోపలికి తేదు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో ఇరవై మంది కూర్చుంటే మధ్యాహ్నానికల్లా గాలి బరువెక్కి, నిద్ర ముంచుకొస్తుంది. తాజా గాలి తప్పనిసరి నిబంధన కాబట్టి ఎంత మంచి నక్షత్రాల ఏసీ పెట్టినా ఈ లోపం ఉంటే దరఖాస్తు నిలవదు. అమెరికాలోని ఏసీ, వెంటిలేషన్ ఇంజినీర్ల సంఘం ఆష్రే రూపొందించిన 62.1 ప్రమాణం ప్రకారం ఆఫీసుకు ఒక్కో మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, దానికి అదనంగా చదరపు మీటరుకు 0.3 లీటర్ల చొప్పున బయటి గాలి కావాలి. 60 మంది, 600 చదరపు మీటర్ల పని స్థలం ఉంటే 150 లీటర్లు, 180 లీటర్లు కలిపి సెకనుకు 330 లీటర్లు, అంటే గంటకు దాదాపు 1,190 ఘనపు మీటర్లు.

ఇంత గాలిని మామూలు ఫ్యానుతో నేరుగా లోపలికి తోస్తే దానితో పాటు తేమ కూడా వచ్చి, ఫాల్స్ సీలింగ్ మీద బూజు పడుతుంది. అందుకే బయటకు పోయే చల్లని గాలితో లోపలికి వచ్చే గాలిని ముందే చల్లబరచి, తేమను కూడా కొంత తగ్గించే ఎనర్జీ రికవరీ వెంటిలేటర్లను అంతస్తుకు ఒకటి చొప్పున అమర్చడం మేలు. గాలి తీసుకునే కంత జనరేటర్ పొగ గొట్టానికి, మరుగుదొడ్ల ఎగ్జాస్టుకు దూరంగా ఉండాలి. ఒక కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరికరాన్ని సమావేశ గదిలో పెట్టి రీడింగులు దాచుకుంటే సమీక్షకులకు వేరే వివరణ అక్కర్లేదు.

ఏసీ సామర్థ్యాన్ని గది వైశాల్యం చూసి చేతి లెక్కన టన్నులు నిర్ణయించే అలవాటు మానాలి. డాబా, కిటికీల పని ముగిశాక వేడి లెక్క మళ్లీ వేయిస్తే ఇంతకు ముందు కంటే తక్కువ టన్నులే సరిపోతాయి, ఆ మిగులు డబ్బుతోనే వెంటిలేటర్లు వస్తాయి. పాత ఏసీల్లో ఆర్-22 వాయువు ఉంటుంది. ఓజోన్ పొరకు హాని చేసే ఈ తరహా వాయువులను మాంట్రియల్ ఒప్పందం కింద దశలవారీగా ఆపేస్తున్నారు. పాత యూనిట్లు విప్పేటప్పుడు గొట్టం కోసి వాయువును గాలిలోకి వదిలేయడం సర్వసాధారణమైపోయింది, దాన్ని మీరు ఒప్పుకోకూడదు. వాయువును సిలిండరులోకి తీయించి, ఎన్ని కిలోలు తీశారో మెకానిక్‌తో రాయించుకోండి. కొత్తవి కొనేటప్పుడు భూతాప ప్రభావం తక్కువగా ఉన్న వాయువును ఎంచుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ ప్రభావాన్ని ఒకటిగా తీసుకుంటే ఆర్-410ఎ వాయువుకు అది రెండు వేలకు పైన, ఆర్-32కి 675.

సీలింగ్ ఫ్యాన్లను తీసేయవద్దు. గాలి కదులుతుంటే 26 డిగ్రీల దగ్గర కూడా హాయిగా ఉంటుంది. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే తక్కువ విద్యుత్తుతో తిరిగే బ్రష్‌లెస్ మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్ల లోపే చాలు.

దీపాల సంగతి తేలిక. చోక్‌తో కలిపి ఒక్కోటి 52 వాట్లు తీసుకునే వంద పాత ట్యూబులను 20 వాట్ల ఎల్ఈడీలుగా మారిస్తే, రోజుకు తొమ్మిది గంటలు, ఏడాదికి 280 పనిదినాల లెక్కన దాదాపు 8,000 యూనిట్లు ఆదా అవుతాయి. కిటికీ పక్క వరుసకు విడిగా స్విచ్ పెట్టించడం మాత్రం మరచిపోవద్దు.

ఐదో అడుగు: నీరు

జాతీయ భవన నిర్మాణ స్మృతి ఆఫీసుల్లో మనిషికి రోజుకు 45 లీటర్ల నీరు అవసరమని చెబుతుంది. 60 మందికి అది 2,700 లీటర్లు, 280 పనిదినాలకు సుమారు 7,56,000 లీటర్లు. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి పది లీటర్లు, ఆ పైన వదులుతుంది. దాని స్థానంలో రెండు బటన్లున్న ట్యాంకు, కొళాయిలకు గాలి కలిపే జాలీలు పెడితే వాడకం గణనీయంగా తగ్గుతుంది. కొళాయి నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో ఒక కొలత పాత్ర, గడియారంతో పనికి ముందు, తరవాత కొలిచి ఫొటో తీసి పెట్టండి. తయారీదారు కాగితంతో పాటు ఇది కూడా ఉంటే సందేహానికి తావుండదు.

ఇక వాన నీరు. మన జిల్లాల్లో ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 400 చదరపు మీటర్ల డాబా మీద పడేదాంట్లో ఎనభై శాతం పట్టినా 3,52,000 లీటర్లు, అంటే ఏడాది అవసరంలో దాదాపు సగం. దాన్నంతా నిల్వ చేయడం సాధ్యం కాదు కాబట్టి, కొంత సంపుకు, మిగిలింది ఇంకుడు గుంతకు పంపాలి. ఒక్క రోజులో 60 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ డాబా నుంచి దాదాపు 19,000 లీటర్లు దిగుతాయి. గుంత, పొంగు కాలువ ఆ లెక్కకు తగ్గట్టు ఉండాలి. ఏసీల నుంచి కారే నీటిని కూడా ఒక గొట్టంలో కలిపి డ్రమ్ములోకి పడితే, తేమ ఎక్కువైన మన వాతావరణంలో మొక్కలకు సరిపడా వస్తుంది.

ఆరో అడుగు: కూల్చిన సామాను, కొత్త సామగ్రి

పాత టేకు తలుపులు, కిటికీ చట్రాలు, ఇనుప గ్రిల్లులు మొదటి రోజే విడిగా తీయించాలి. వాటిని అక్కడే తిరిగి వాడితే అన్నిటికంటే మంచిది, ఎక్కువ పాయింట్లు కూడా వస్తాయి. మిగిలిన రాయి, ఇటుక ముక్కలు, ఇనుము, కలప, ప్లాస్టిక్ వేటికవే కుప్పలుగా పోయించి, ప్రతి ట్రాక్టరూ వేబ్రిడ్జి మీద తూగి వెళ్లేటట్లు చూడండి. తూకం చీటీ, ఎక్కడికి వెళ్లిందో తెలిపే రసీదు, ట్రాక్టరు నంబరు కనిపించే ఫొటో, ఈ మూడూ ఒకే ఫైలులో ఉండాలి. పని అయిపోయాక వెనక్కి వెళ్లి తెచ్చుకోలేని రుజువుల్లో ఇదొకటి. పాత ట్యూబుల్లో పాదరసం ఉంటుంది కాబట్టి పగలగొట్టకుండా పెట్టెలో పెట్టి, కంప్యూటర్ సామానుతో పాటు అధీకృత ఈ-వ్యర్థాల సంస్థకు ఇవ్వాలి. షెడ్డు మీద ఆస్‌బెస్టాస్ రేకులుంటే వాటిని తడిపి, విరగకుండా, ముఖానికి రక్షణతో దింపించాలి. పనివాళ్ల ఊపిరితిత్తుల విషయంలో ఇక్కడ రాజీ పడకూడదు.

కొత్త సామగ్రి దగ్గరలో తయారైనదైతే మార్కులు వస్తాయి, ఈ విషయంలో మనకు అదృష్టం ఉంది. టెక్కలి పరిసరాల నీలి గ్రానైటు గచ్చుకు, మెట్లకు దొరుకుతుంది. విజయనగరం జిల్లా జనపనార మిల్లులకు పేరున్న ప్రాంతం, ఆ గుడ్డను శబ్దం తగ్గించే పలకలకు, పరదాలకు వాడవచ్చు. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకలు అడ్డు గోడలకు సరిపోతాయి. రంగులు, జిగురులు, ప్లైవుడ్ ఆవిరి వాయువులు తక్కువగా వదిలేవై ఉండాలి. డబ్బా మీద బొమ్మ చాలదు, లీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే తయారీదారు పత్రం కావాలి. విజయనగరంలో చిన్న దుకాణాల్లో కొన్నప్పుడు ఆ పత్రం దొరకకపోతే, బ్యాచ్ నంబరు రాసిన బిల్లు తీసుకుని కంపెనీకే నేరుగా రాయండి. రంగు వేశాక ఉద్యోగులను తీసుకొచ్చే ముందు కొన్ని రోజులు కొత్త వెంటిలేటర్లను పగలూ రాత్రీ నడిపి ఆ వాసన బయటకు పోనివ్వాలి.

ఏడో అడుగు: సోలార్

వాడకం తగ్గించాకే సోలార్ గురించి ఆలోచించాలి. ముందే పెడితే అవసరానికి మించిన ఫలకాలకు డబ్బు పోస్తారు. ఒక కిలోవాటుకు సుమారు పది చదరపు మీటర్ల స్థలం కావాలి, ఏడాదికి దాదాపు 1,400 యూనిట్లు వస్తాయి. మన దగ్గర అసలు పరీక్ష గాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఈ తీరాన్ని ఎలా దెబ్బతీశాయో చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఫలకాల చట్రం, భవనాలపై గాలి ఒత్తిడిని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం 2015 సవరణ ప్రకారం, తూర్పు తీరానికి అది చెప్పిన తుపాను గుణకాన్ని కూడా కలిపి లెక్కించినదై ఉండాలి. డాబా మీద ఊరికే సిమెంటు దిమ్మెలు పెట్టి నిలబెట్టిన చట్రాన్ని అంగీకరించవద్దు. బోల్టులు స్లాబులోకి దిగి, చుట్టూ నీరు కారకుండా పూత పడాలి. ఉప్పు గాలికి తట్టుకునేలా చట్రానికి గాల్వనైజింగ్ ఉండాలి. మిగులు సోలార్ విద్యుత్తును లైనుకు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్ దరఖాస్తు పంపిణీ సంస్థకు ఈ చట్రం డ్రాయింగులతోనే వెళ్తుంది కాబట్టి అదే సెట్ ధ్రువీకరణ ఫైలులో కూడా పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: దరఖాస్తు, సమీక్ష

ప్రతి అంశానికి ఒక ఫోల్డరు తెరిచి, అందులో వివరణ, లెక్క, డ్రాయింగు, కొనుగోలు బిల్లు, తేదీ పడిన ఫొటోలు అన్నీ ఒకే వరుసలో పెట్టాలి. బిల్లులో రాసిన మోడల్, డ్రాయింగులో రాసిన మోడల్, ఫొటోలో కనిపించే మోడల్ ఒకటే కావాలి. సమీక్షకులు మొదట చూసేది ఈ పొంతనే. ప్రాథమిక సమీక్షలో ప్రశ్నలు రావడం మామూలే, వాటికి భయపడనక్కర్లేదు. అడిగిన దానికి సూటిగా, అడిగిన కాగితంతోనే జవాబు ఇవ్వాలి. రాని పాయింటు కోసం వాదించే కంటే, రుజువు గట్టిగా ఉన్న మరో అంశాన్ని బలపరచడం లాభం. అందుకే లక్ష్యానికి పై నాలుగైదు పాయింట్లు మొదటి నుంచీ చేతిలో ఉంచుకోవాలి.

వాడుకలో ఉన్న భవనాల విభాగంలో పనితీరు ఆధారంగానే ధ్రువీకరణ ఇస్తారు, గడువు ముగిశాక మళ్లీ అదే లెక్కలు చూపి పునరుద్ధరించుకోవాలి. కాబట్టి సబ్ మీటర్లు, నీటి మీటరు రీడింగులు ప్రతి నెలా మొదటి పనిదినాన రాసే బాధ్యతను పేరు పెట్టి ఒక ఉద్యోగికి అప్పగించండి, సెలవులో ఉంటే రాసేది ఎవరో కూడా అందులోనే రాయండి. ఏ నెలలోనైనా ఏసీ మీటరు కిందటి ఏడాది అదే నెల కంటే పదిశాతం మించి తిరిగితే ముందు వడపోత జాలీలు కడిగించి, తరవాత వెంటిలేటర్ల టైమర్ చూసి, అప్పటికీ తగ్గకపోతే మెకానిక్‌ను పిలవాలి.